విన్నదల్లా చెప్పకండి

 

చర్ల ప్రాంత వాసులకు వర్షాకాలం గురించి వేరే చెప్పనక్కర లేదు. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలై 16న అది 71.3 అడుగులకు చేరింది. అలాంటి రాత్రి మన పిల్లవాడి ఫోన్‌కు "తాలిపేరు కట్ట తెగింది" అనో, "వరద తగ్గింది, భయం లేదు" అనో ఒక సందేశం వచ్చిందనుకోండి. మొదటిది అబద్ధమైతే జనం చీకట్లో పరుగులు తీస్తారు. రెండవది అబద్ధమైతే ఇల్లు వదలవలసినవారు వదలరు. రెండింటా ప్రాణాలకే ముప్పు.

నమ్మదగనివాడు వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని దివ్యఖుర్ఆన్ విశ్వాసులను హెచ్చరించింది (49:6). విన్న ప్రతిదీ చెప్పేయడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. గమనించండి! ఈ మందలింపు కల్పించినవాడికి కాదు, చేరవేసినవాడికి.

ఇమామ్ బుఖారీ (రహ్మ) వంటి హదీసువేత్తలు దీన్నొక శాస్త్రంగా తీర్చిదిద్దారు. ఈ మాట ఎవరన్నారు? ఎవరి నుండి విన్నారు? వారిద్దరూ కలిశారా? వారు సత్యవంతులేనా? ఇవే ప్రశ్నలు నేడు మన పిల్లలకు నేర్పాలి.

వరద సంగతైతే కేంద్ర జల సంఘం, జిల్లా అధికారులు ప్రకటించిన నీటిమట్టాన్ని వారిచేతనే వెతికించండి. తేదీ, గంట చూడమనండి. నిన్నటి నిజం ఈ రోజుకు చెల్లకపోవచ్చు. వీడియో అయితే ఏ ఊరిది, ఏ ఏటిదని అడగండి. ఒకే మాట పదిచోట్ల కనిపించినా, ఆ పదిమందీ ఒక్కరి దగ్గరే నకలు చేసి ఉండవచ్చు. "పదిమందికి పంపితే శుభం" అనే హదీసు వస్తే గ్రంథం పేరు, సంఖ్య, అది సహీహో జయీఫో అడగండి. కృత్రిమ మేధ సైతం లేని హదీసుకు సంఖ్య వేసి చూపగలదు. కనుక గ్రంథం తెరిచి చూడండి, లేదా ఆలిములను అడగండి.

అయితే విచారణ పేరుతో నిజమైన హెచ్చరికను దాచడమూ తగదు. రూఢి కాగానే ఏ మతస్థులైనా సరే, పొరుగువారికి ముందుగా చెప్పవలసింది మనమే.

ప్రళయదినాన నోళ్ళకు ముద్రపడి చేతులు మాట్లాడతాయి (36:65). సందేశం పంపిన వేళ్ళూ ఆ చేతులవే కదా! అల్లాహ్ మనకూ మన సంతానానికీ సత్యాన్ని గుర్తించే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.