పెట్టెలోని వాద్యం

కళల గురించి మాట్లాడేటప్పుడు మన అభ్యుదయ విమర్శకులు వేసే ప్రశ్నలు సాధారణంగా రెండు: దీన్ని ఎవరు చేశారు, ఎవరికోసం చేశారు? మూడో ప్రశ్న ఒకటి వున్నది. అది అంతగా వినబడదు. ఇప్పుడది ఎవరి దగ్గర వున్నది, వాళ్ళు దానితో ఏం చేస్తున్నారు? పోయిన ఏడాది నా చిన్ననాటి మిత్రుడొకడు నన్ను ఈ మూడో ప్రశ్నలోకి లాగాడు.

అతను అమెరికాలో ఇంజనీరు. ఇంటర్మీడియట్ చదివే రోజుల నుంచీ గిటారు పిచ్చి. ఏళ్ళ తరబడి కూడబెట్టి, గిబ్సన్ కంపెనీవారు 1956లో చేసిన ‘లెస్ పాల్ జూనియర్’ అనే విద్యుత్ గిటారు కొన్నాడు. వీడియోలో పెట్టె తెరిచి చూపించాడు. మెడ వెనక ఎవరిదో బొటనవేలు ఆని ఆని వార్నీషు లేచిపోయి, కొయ్య బయటపడిన చోటును ప్రత్యేకంగా దగ్గరికి తెచ్చి చూపించాడు. “ఒరే, నీకిది బూర్జువా వ్యసనంలా కనిపిస్తుందని నాకు తెలుసు. తిట్టదలిస్తే తిట్టు. కాని తప్పేమిటో చెప్పి తిట్టు” అన్నాడు.

గిటారు నేర్చుకుంటున్న పన్నెండేళ్ళ కూతురు వున్నది అతనికి. అమ్మాయి దీన్ని వాయించిందా అని అడిగాను. “దానికి వేరే కొన్నాలే, చవకది. ఇది దాని చేతికిస్తే ఇంకేమైనా వుందా!” అన్నాడు.

ఆ ‘జూనియర్’ చరిత్ర తెలిస్తే ఈ జవాబులోని విడ్డూరం తెలుస్తుంది. 1954లో గిబ్సన్ దాన్ని విడుదల చేసింది నేర్చుకొనే పిల్లల కోసం. ఖరీదైన నమూనాకు వుండే చెక్కిన మేపుల్ ముఖం దీనికి లేదు. చదునైన మహాగని దిమ్మె, ఒకే ఒక పికప్. అనగా విద్యార్థి కొనగలగడానికని అలంకారాలు తీసేసి చేసిన వాద్యం. ఇప్పుడు విద్యార్థి చేతికి ఇవ్వరానిదల్లా అదే.

ఐతే ఇక్కడే ఎగతాళి చేసి ఊరుకుంటే మనం విమర్శకులం కాము. సేకర్తల జ్ఞానం చిన్నది కాదు. వాళ్ళు అందరికంటే ఎక్కువగా కోరుకునేది 1958 నుంచి 1960 దాకా వచ్చిన లెస్ పాల్ స్టాండర్డ్. అంచుల్లో ఎరుపు, మధ్యకు వచ్చేసరికి పసుపు తిరిగే రంగు. మూడేళ్ళలో రెండువేలు కూడా తయారు కాలేదు. తల వెనక సిరాతో గుద్దిన అంకెల్లో మొదటిది 9 ఐతే అది 1959 నాటిదని వాళ్ళు ఇట్టే చెబుతారు. ఎండ తగిలి ఆ ఎరుపు వెలిసిపోతుంది. అది నిజానికి రంగులోని లోపమే. వాళ్ళు ఆ వెలిసిన ఛాయలకు కూడా పేర్లు పెట్టుకున్నారు. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ను, గుయ్యిమనే రొద రాకుండా రెండు చుట్లతో రూపొందించినవాడు సెత్ లవర్ అనే గిబ్సన్ ఇంజనీరు. 1955లో పేటెంటుకు దరఖాస్తు, 1959లో మంజూరు. ఆ కాలపు పికప్‌ల అడుగున ‘పేటెంటుకు దరఖాస్తు చేయబడినది’ అనే చిన్న చీటీ వుంటుంది. ఆ చీటీ వుంటే ధర వేరు. ఆనాటి చుట్టే యంత్రాలకు లెక్కగా ఆపే ఏర్పాటు లేనందువల్ల రాగితీగ చుట్ల సంఖ్య ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీరుగా పడింది. అంచేత ఏ రెండు గిటార్లూ ఒకేలా పలకవు.

గమనించండి: సేకర్త చెవి వెతుకుతున్నది ఇంజనీరు గీసిన పటాన్ని కాదు. మిచిగన్ రాష్ట్రంలో, కలమజూ పట్టణంలో, పార్సన్స్ వీధి కర్మాగారంలో, ఒకానొక పూట పనిచేసిన మనిషి యంత్రాన్ని కాస్త ముందో కాస్త వెనకో ఆపిన క్షణాన్ని అది వెతుకుతున్నది. శ్రమను ఇంత సూక్ష్మంగా ఆస్వాదించే రసికులు సాహిత్యంలో కూడా అరుదు. కాని లవర్ పేరు పేటెంటు మీద వున్నది. చుట్టిన చేయి పేరు ఆ వాద్యం మీద ఎక్కడా లేదు. చేతి జాడను పూజించి చేతిని మరవడం! మార్క్స్ 1867లో సరుకుల మాయ గురించి రాసింది దీనికి బాగా సరిపోతుంది.

మరి ఈ విలువ ఎక్కడినుంచి వచ్చింది? కర్మాగారం నుంచే ఐతే 1959లోనే వచ్చి వుండాలి. ఆ ఏడు దాని జాబితా ధర 265 డాలర్లు. అప్పటి ఫెడరల్ కనీసవేతనం గంటకు ఒక డాలరు. వారానికి నలభై గంటల చొప్పున ఆరున్నర వారాల కూలి. తక్కువేమీ కాదు, అందనిదీ కాదు. అది సరిగా అమ్ముడుపోక కంపెనీయే దాన్ని ఆపేసి రూపం మార్చింది. ఈ అరుదుదనం వైఫల్యం వల్ల వచ్చినది.

దానికి ప్రాణం పోసినది వాయించినవారు. ఆ వాయించినవారి వెనక మరొక చరిత్ర వున్నది. మిసిసిపీ పత్తితోటల నుంచి నల్లజాతి కూలీలు షికాగో కర్మాగారాలకు వలస వచ్చారు. అలా 1943లో వచ్చినవాడే మడ్డీ వాటర్స్. సారాయి దుకాణాల గోలలో మామూలు గిటారు వినబడదు గనక విద్యుత్ గిటారు వాళ్ళకు అవసరమయింది. ఫ్రెడ్డీ కింగ్ బంగారురంగు లెస్ పాల్ పట్టాడు. ఆ సంగీతాన్ని ప్రాణంగా విన్న ఇంగ్లండు కుర్రవాడు ఎరిక్ క్లాప్టన్ 1966లో జాన్ మేయల్ బృందంతో వాయించిన రికార్డుతో, మూలపడిన ఆ గిటార్ల కోసం వెతుకులాట మొదలయింది. 1968లో కంపెనీ లెస్ పాల్‌ను మళ్ళీ చేయవలసి వచ్చింది. ఇప్పుడు పాతవి లక్షల డాలర్లు. మూడు లక్షలే అనుకుందాం. 2009 నుంచి గంటకు 7.25 డాలర్లుగా వున్న కనీసవేతనంతో లెక్కకట్టితే దాదాపు ఇరవై ఏళ్ళ కూలి. ఆరున్నర వారాలకూ ఇరవై ఏళ్ళకూ మధ్య పెరిగిన విలువలో సేకర్త చేసిన పని ఎంత? కలమజూ కర్మాగారం 1984లో మూతపడింది. పని పోయినవారిలో కొందరు మరుసటేడు అదే భవనంలో హెరిటేజ్ అనే పేరుతో సొంతంగా గిటార్లు చేయడం ప్రారంభించారు. వాళ్ళ చేతులు అవే. ధర మాత్రం పాత వస్తువులకే.

అరుదుదనంలో అడవి పాలు కూడా వున్నది. పాతవాటి మెట్ల పలక బ్రెజిల్ రోజ్‌వుడ్. ఆ చెట్టు తరిగిపోయి 1992లో అంతర్జాతీయ వాణిజ్యం నిషేధించబడింది. తరువాతి గిటార్లకు వాడినది ఎక్కువగా మన ఇరుగుడు కొయ్య. ఆ కథ వేరే రాయాలి.

ఈ బజారు నీతి ఒకటి చెప్పాలి. అరిగిన మెట్లు మార్చినా, పాత టంకం కరిగించి కొత్తది పెట్టినా ధర తగ్గుతుంది. మళ్ళీ రంగు వేస్తే సగానికి సగం పోతుందని వ్యాపారుల లెక్క. అనగా వాడకపోవడానికి బహుమానం, వాడినందుకు జరిమానా. మరోవైపు కొత్త గిటార్లను కర్మాగారంలోనే గీకి, రాచి, తుప్పు పట్టించి అమ్ముతారు. 1995లో ఫెండర్ కంపెనీ ‘రెలిక్’ పేరుతో ఈ పద్ధతిని వ్యాపారంగా నిలబెట్టింది. వాయించకుండానే వాయించిన గుర్తులు! చెమట పట్టని వానికి చెమట మరక అమ్మడమన్న మాట.

వాల్టర్ బెంజమిన్ మార్క్సిస్టే. ఆయన 1935లో రాసిన ఒక వ్యాసంలో సేకర్తను ఇంత తేలిగ్గా కొట్టివేయలేదు. వస్తువులను ఉపయోగపడవలసిన చాకిరీ నుంచి అతను విముక్తం చేస్తాడన్నాడు. తపాలా బిళ్ళకు ఈ మాట నేను ఒప్పుకుంటాను. వాద్యానికి ఒప్పుకోను. వాద్యానికి ఉపయోగం చాకిరీ కాదు, దాని సౌందర్యమే అది. పీటర్ గ్రీన్ అనే బ్రిటిష్ కళాకారుని 1959 లెస్ పాల్ సంగతి చూడండి. దాని పికప్ ఒకదానిలో అయస్కాంతం తిరగబడి వున్నందువల్ల రెండూ కలిపినప్పుడు ఒక వింత డొల్లగొంతు పలికింది. గ్రీన్ దాన్ని గ్యారీ మూర్‌కు అమ్మాడు. 2014లో అది కర్క్ హామెట్ చేతికి వచ్చింది. ఆయన దానిని వేదికలమీద వాయిస్తున్నాడు. ధనవంతుడు వాయించినంత మాత్రాన ఆస్తి సమస్య తీరిపోయిందని నేననడం లేదు. ఆ లోపం ఇంకా వినబడుతున్నది, అంతవరకు మేలు.

“నేను కొనకపోతే బ్యాంకు లాకరులో పెట్టేవాడు కొంటాడు. నేను కాపలాదారుణ్ణి మాత్రమే” అన్నాడు మిత్రుడు. ఎవరికోసం కాపలా? రాబోయే తరంకోసమట. రాబోయే తరం పక్కగదిలో చవక గిటారు మీద వేళ్ళు నొప్పెట్టుకుంటున్నది.

ఇంతవరకు రాసి ఆగిపోయాను. కారణం నా బీరువా. పాత తెలుగు పత్రికల సంపుటాలు, పాతపుస్తకాల దుకాణాల్లో దుమ్ములో దొర్లి సంపాదించినవి, అందులో వున్నాయి. రెండేళ్ళ క్రితం ఒక ఎం.ఏ. విద్యార్థిని పరిశోధన వ్యాసానికని ఒక సంపుటం అడిగింది. కాగితం పెళుసు, తెరిస్తే వీపు విరుగుతుంది. “ఎవరో తీసుకువెళ్ళారమ్మా, తిరిగి ఇవ్వలేదు” అన్నాను. ఆమె “పరవాలేదు మాస్టారూ” అని వెళ్ళిపోయింది. సంపుటం అప్పుడు నా వెనకనే వున్నది. వర్గదృక్పథం గురించి ఆ రోజు ఉదయమే పాఠం చెప్పాను.

ఆ పత్రికను నడిపినవారు చందాలు పోగుచేసి, అప్పులుపడి అచ్చువేసింది చదవడానికి. నా బీరువాకు బరువు కోసం కాదు. మిత్రుడు తన గిటారుకు డబ్బు ఇచ్చాడు, కూతురితో నిజం చెప్పాడు. నేను రెండూ చేయలేదు. ఆ విద్యార్థిని ఇప్పుడు వేరే వూళ్ళో టీచరు. చిరునామా కనుక్కుని, అబద్ధం సంగతి కూడా రాసి, సంపుటం పంపాను. పరీక్ష ఎప్పుడో అయిపోయింది గనక ఆమెకది ఇప్పుడు ఎంత ఉపయోగమో చెప్పలేను.

ఇదంతా మిత్రుడికి దాచకుండా రాసి, జూనియర్‌ను వారానికి ఒక గంటైనా అమ్మాయికి ఇవ్వమన్నాను. మెట్లు అరిగిపోతాయి గదా అని జవాబు. అరిగితే మార్పించు అన్నాను. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఒక్క వాక్యం పంపాడు: “మెట్లు మార్పిస్తే ఎంత పడిపోతుందో కనుక్కున్నానురా, అమ్మాయికి ఇంకా చెప్పలేదు.”