గుంపు లెక్క, ఒక్కని లెక్క

మన వర్తకులలో మచ్చు చూడనివాడు ఉండడు. బస్తాలో చేయి పెట్టి, గుప్పెడు వేరుసెనగకాయలు తీసి, ఒలిచి, గింజ ఎంత, పొట్టు ఎంత అని తూచి, వంద బస్తాలకు ధర చెప్పుదుము. బళ్లారి బజారులో ముప్పది సంవత్సరములకు పైగా నేను ఈ పనియే చేయుచున్నాను. మచ్చు అబద్ధమాడదు, సరాసరి అబద్ధమాడదు అనునది మా తండ్రిగారు నాకు నేర్పిన మొదటి పాఠము. ఆ పాఠమును గురించి ఇటీవల నాకొక సందేహము కలిగినది. అది బజారులో పుట్టినది కాదు, ప్రయోగశాలలో నుండి వచ్చినది. హైస్కూలుతో చదువు చాలించినవాడు శాస్త్రమును గూర్చి వ్రాయుట సాహసమే. చదువరులు కొంచెము ఓపిక పట్టవలెనని ప్రార్థన.

నా తమ్ముని కుమార్తె జీవభౌతికశాస్త్రములో పరిశోధన చేయుచున్నది. దీపావళికి వచ్చినపుడు, అక్కడ ఏమి చేయుచున్నావమ్మా అని అడిగితిని. "ఒకే ఒక అణువును పట్టుకొని చూస్తాము, పెదనాన్నా" అన్నది. కోట్లాది అణువులుండగా ఒక్కదానిని చూచిన ఏమి లాభమని అంటిని. "మీరు గుప్పెడు తీసి బస్తా సంగతి చెప్తారు. ఆ గుప్పెట్లో ఒక్క కాయ సంగతి ఎప్పుడైనా చెప్పారా?" అని తిరిగి నన్నే అడిగినది. నాకు సమాధానము తోచలేదు. ఆ తరువాత రెండు సాయంకాలములు ఆమె చెప్పగా నాకు అర్థమైనంతవరకు ఇక్కడ వ్రాయుచున్నాను.

జీవకణములో డి.ఎన్.ఏ. అను పొడవైన దారము ఉన్నది. అది మన ఆవర్జా వంటిది; నాలుగే అక్షరములతో వ్రాయబడినది. ఆవర్జాను అంగడి దాటించి బయటకు పంపము గదా! కావలసిన పద్దును చీటీ మీద నకలు వ్రాసి పంపుదుము. ఆ చీటీయే ఆర్.ఎన్.ఏ. నకలు వ్రాయు గుమాస్తా పేరు ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్. ఇదేదో మనకు సంబంధించని సంగతి అనుకొనవద్దు. క్షయవ్యాధికి ఇచ్చు రిఫాంపిసిన్ అను మందు క్రిములలోని ఈ గుమాస్తానే పట్టుకొని, రెండు మూడు అక్షరములు వ్రాయగానే వాని కలము ఆపివేయును.

చాలాకాలము శాస్త్రజ్ఞులు ఈ గుమాస్తాలను గుంపుగానే ఎరుగుదురు. గాజు గొట్టములో కోట్లాది అణువులను వేసి, ఇంతసేపటికి ఇంత నకలు తయారైనదని కొలిచి, భాగించి, ఒక్కొక్కని వేగము ఇంత అని వ్రాసికొనెడివారు. ఒక్క ఎలక్ట్రానుతోగాని ఒక్క అణువుతోగాని మనము ఎన్నడును ప్రయోగము చేయమని, అది ఊహలో జరుగు పని మాత్రమేనని 1952లో ఎర్విన్ ష్రోడింగర్ వంటి మహాశాస్త్రజ్ఞుడే వ్రాసెను. అంతటివాని మాటయు నిలువలేదు. 1986లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆర్థర్ ఆష్కిన్ మరికొందరితో కలిసి, ఒక్క లేజరు కిరణముతో సూక్ష్మమైన రేణువును పట్టి నిలుపవచ్చునని చూపెను. కాంతితో చేసిన పట్టకారు అన్నమాట. దానికి 2018లో నోబెల్ బహుమానము వచ్చునప్పటికి ఆయన వయస్సు 96 సంవత్సరములు. ఓపికకు ఫలితమున్నదని మన పిల్లలకు చెప్పదగిన సంగతి.

డి.ఎన్.ఏ. దారపు కొనకు కంటికి కానరాని పూసను తగిలించి, ఆ పూసను ఈ కాంతి పట్టకారుతో పట్టి ఉంచుదురు. గుమాస్తా దారముపై నడచిన కొలది పూస కదలును. కదలిక కొలిచిన వాని నడక తెలియును. స్టీవెన్ బ్లాక్, రాబర్ట్ లాండిక్, జెఫ్ గెలెస్ ప్రభృతులు 1995లో ఈ విధముగా ఒక్క గుమాస్తా బలమును కొలిచిరి. 1998లో మరింత సరిగా కొలువగా, వానిని ఆపవలెనన్న సుమారు 25 పికోన్యూటన్ల బలముతో వెనుకకు లాగవలెనని తేలినది. నాకు ఈ న్యూటన్లు తెలియవు. మన తక్కెడ భాషలో చెప్పమంటిని. ఒక గ్రాము బరువును 40 కోట్ల భాగములు చేసిన అందులో ఒక భాగమట! బంగారము తూచువారు కూడ ఇంత సన్నపు తూకము ఎరుగరు. 2005లో వాని ఒక్కొక్క అడుగును కూడ చూచిరి. ఒక అడుగు ఒక అక్షరము. సెంటీమీటరును సుమారు 3 కోట్ల భాగములు చేసిన అందొక భాగము. గాలి వలన కిరణము అదరునని, కిరణము నడచు దారిలో గాలికి బదులు హీలియము నింపి ఈ కొలత తీసిరి.

ఇంత శ్రమపడి ఏమి చూచిరి? గుంపు లెక్కలో గుమాస్తా గడియారమువలె ఒకే వేగముతో నడచువాడు. విడిగా చూడగా అట్లు లేదు. ఆ పరికరములో వాడు సెకండుకు 10, 15 అక్షరములు వ్రాయును. ఉన్నట్టుండి ఆగిపోవును. సుమారు 100 అక్షరములకొక పర్యాయము ఆగును. చాలావరకు ఒక సెకండు నుండి ఆరు సెకండ్లలోపల మరల బయలుదేరును. ఒకే జాతి క్రిమి నుండి తీసి, ఒకే ద్రవములో ఉంచినను, ఒకడు వేగము, ఒకడు మందము; ఎవని వేగము వానిది. కోటిమందిని కలిపి చూచునపుడు ఒకడు ఆగిన క్షణమున మరియొకడు నడచుచుండును గనుక ఆ ఆగుట లెక్కలో కలిసిపోయి, అందరును తిన్నగా, కొంచెము నెమ్మదిగా నడచినట్లు కనబడును. ఆ లెక్కలో కూడికగాని భాగహారముగాని తప్పు లేదు. అయినను అట్లు నడచువాడు ఆ కోటిలో ఒక్కడును లేడు!

ఇంతకంటె నా మనస్సును పట్టినది పాత ప్రయోగమొకటి. 1957లో ఆరన్ నోవిక్, మిల్టన్ వీనర్ అను ఇద్దరు, పాలలోని చక్కెరను అరిగించు పదార్థమును క్రిములు ఎట్లు తయారుచేయునో పరీక్షించిరి. ఆ పనికి క్రిములను ప్రేరేపించు ఒక మందును స్వల్పముగా ఇచ్చిన, సరాసరిన ఆ పదార్థము మెల్లగా పెరుగుచున్నట్లు కనబడినది. ప్రతి క్రిమియు కొంచెము కొంచెము చేయుచున్నదని ఎవరైనను అనుకొందురు. అది నిజము కాదు. కొన్ని క్రిములు నిండుగా చేయుచున్నవి, తక్కినవి చేయుటే లేదు. సరాసరి సగమైన చోట, సగము చేయు క్రిమి ఒక్కటియు లేదు. 2008లో హార్వర్డులో సన్నీ షీ బృందమువారు దీని మూలమును చూచిరి. ఆ పద్దును కాపలా కాయు అణువులు క్రిమిలో బహు కొద్ది. అందులో పద్దు మీద కూర్చున్న ఒక్కటి తన పట్టును పూర్తిగా వదలినపుడు ఆ క్రిమి దారి మారిపోవును. ఒకే వంశము, ఒకే ఆహారము. ఒకదానికి ఆ క్షణము వచ్చినది, పక్కదానికి రాలేదు.

అట్లయిన సరాసరి అబద్ధమా అని నా తమ్ముని కుమార్తెను అడిగితిని. సీసా గురించి నిజము, క్రిమి గురించి అబద్ధము అన్నది. స్యాద్వాదము వినుచు పెరిగిన మనకు ఈ మాట కొత్త కాదు. ఐతే వినుట వేరు, అంగడిలో కూర్చుని పాటించుట వేరు.

ఇప్పుడు నా సంగతి చెప్పవలెను. మా వద్ద అడ్వాన్సు తీసికొని, పంట మాకే తోలు రైతులు అనేక గ్రామములలో ఉన్నారు. 2011లో ఒక గ్రామపు బాకీలను మొత్తము వేసి చూచితిని. ఇచ్చినదానిలో సగమునకు పైగా రాలేదు. ఆ గ్రామమునకు అడ్వాన్సు ఆపవలెనని గుమాస్తాకు చెప్పితిని. మరునాడు అందులో ఒక రైతు వచ్చినాడు. వాని ఖాతా తీయించితిని గాని, కంటబడినది కడపటి పద్దు మాత్రమే. రెండు నెలలు ఆలస్యముగా కట్టినాడు. అదే చాలునని ఖాతా మూసితిని. దీపావళి వెళ్లిన తరువాత పాత ఆవర్జాలు దింపించి ఆ పేజీ మొదటినుండి చదివితిని. పదునాలుగు సంవత్సరములు. ఆ ఒక్క ఆలస్యము తప్ప ప్రతి సంవత్సరము గడువునకే చెల్లించినాడు. ఆలస్యమైన సంవత్సరమున కూడ వడ్డీతో సహా కట్టినాడు.

నేను చేసినవి రెండు తప్పులని ఇప్పుడు తెలియుచున్నది. మొదటిది, గ్రామపు సరాసరిని వాని నెత్తిన పెట్టుట. రెండవది, వానిని విడిగా చూచినట్లే చూచి, ఒక్క క్షణమే చూచుట. ఆగి ఉన్న గుమాస్తాను రెండు సెకండ్లు మాత్రము చూచినవాడు, వీడు చచ్చినాడు అనును. 2003లో ఆ శాస్త్రజ్ఞులు ఇంకొక సంగతి కనుగొనిరి. కొన్ని పర్యాయములు గుమాస్తా 20 సెకండ్లకు పైగా ఆగును. అప్పుడు అయిదారు అక్షరములు వెనుకకు నడచును. సరిగా పొసగని అక్షరమును ద్రవములో కలిపి చూడగా ఇట్టి ఆగుటలు హెచ్చినవి. తప్పు వ్రాసిన చోటికి మరలి, ఆ తునకను తెంచివేసి, మరల వ్రాయుటకే ఈ వెనుకనడక అని వారి అభిప్రాయము. ప్రతిక్రమణము అను మాటకు అర్థము వెనుకకు మరలుటయే గదా అని నాకు తోచినది. ఐనను మన పెద్దలు పాలిమరేజును ఎరుగుదురని, శాస్త్రము మన మతమును రుజువు చేసినదని చంకలు గుద్దుకొనుట నాకు నచ్చదు. ఆ అణువుకు పశ్చాత్తాపము లేదు. నేను చెప్పునది ఇంతే: పని నిలిచినట్లు కనబడిన ఆ సమయములోనే అతి ముఖ్యమైన పని జరుగుచుండవచ్చును.

దీనికి వర్తకుల సమాధానము నాకు తెలియును. నేనే అనేక పర్యాయములు చెప్పినాను. ఆరువందల ఖాతాలున్నవానికి ప్రతి పేజీ చదువుటకు తీరిక ఎక్కడిది? సరాసరి లేనిదే ధర లేదు, భీమా లేదు, వ్యాపారమే లేదు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. ఆ శాస్త్రజ్ఞులు కూడ ఒక్క అణువును చూచి సిద్ధాంతము చేయరు. ఒక్కొక్కటిగా ఎన్నింటినో చూచి, మరల లెక్క వేయుదురు. వింతగా నడచిన ఒక్కదానిని పట్టుకొని కథలల్లువాడు గుంపు లెక్కవానికంటె ప్రమాదకరుడు. వేరుసెనగకాయను సరాసరిలో కలిపిన దానికి అన్యాయము లేదు. కాని సరాసరికి ఆకలి వేయదు, సరాసరికి పెండ్లికెదిగిన పిల్ల లేదు. తీర్పు మాత్రము సరాసరి మీద పడదు. ఎప్పుడును ఒక్కని మీదనే పడును. ధర చెప్పునపుడు గుంపును చూచితినా, మంచిదే. ఒక్కడు ఎదుట నిలిచి అడుగుచున్నపుడు కూడ గుంపునే చూచుట తీరిక లేకపోవుటయా, చూడ ఇష్టము లేకపోవుటయా? ఆ రైతు పదునాలుగు సంవత్సరముల పద్దులు చదువుటకు నాకు పట్టినది పావుగంట.

గత నెలలో ఆ గ్రామమునకు వెళ్లితిని. అడ్వాన్సు లేక ఆ సంవత్సరము అతడు ఇంకొకచోట నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి తెచ్చి, అది తీర్చుటకు అయిదెకరములలో రెండెకరములు అమ్మినాడు. నేను పొరపాటుపడితినని చెప్పితిని. లోపలికి పిలిచి మంచము వాల్చినాడు. "మీ లెక్క తప్పని నేను అనలేదు సావుకారూ. మా ఊరు బాకీ పడినమాట నిజమే కదా! నా పేజీ మొదటినుంచి చదవండి అన్నాను, అంతే. ఆ దినం మీకు తీరిక లేకపాయె" అన్నాడు. ఆ మాట అతడు అడిగినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఈ సంవత్సరమునకు ఎంత కావలెనో చెప్పుమంటిని. మిగిలిన మూడెకరములు కౌలుకిచ్చినాడట, కుమారుడు బెంగళూరులో పనికి వెళ్లినాడట. అవసరము లేదన్నాడు. మజ్జిగ ఇచ్చినాడు, త్రాగి వచ్చితిని.