మాటల్లేని వేషం

వార్షికోత్సవం నాటకంలో కృష్ణుడెవరో టీచరమ్మ చెప్పకముందే పిల్లలకు తెలిసిపోతుంది. బొద్దుగా, తెల్లగా ఉన్నవాడు. నల్లనయ్య వేషానికి తెల్లటి పిల్లాణ్ణి ఏరి, వాడికి నీలం రంగు పూస్తారు. ఈ విడ్డూరం పెద్దవాళ్లకు తట్టదు గానీ, వెనక బెంచీలో కూర్చున్న నల్లపిల్లాడికి తడుతుంది. మిగతావాళ్లు గోపబాలురు, భటులు. ఇంకా మిగిలితే చెట్లు.

చెట్టు వేషం వచ్చిందని పిల్ల ఇంటికొచ్చి ఏడిస్తే, 'వేషాల్లో చిన్నా పెద్దా ఏమిటే' అనేస్తాం. అది అబద్ధమని పిల్లకు తెలుసు. పక్కవాడికి రెండు పేజీల డైలాగులు, తనకు ఒక్క ముక్క లేదు. లెక్క సరిగ్గా వేసుకునే ఏడుస్తోంది. అప్పుడు తప్పని దబాయించేకంటే, 'అవునే, నాకూ కష్టంగానే ఉంది' అని పక్కన కూర్చోవడం మేలు. ఓదార్పు పేరుతో మనం చేసేది చాలాసార్లు ఆ ఏడుపు మన చెవిన పడకుండా చూసుకోవడమే.

నాటకమే బతుకైనచోట సంగతి వేరు. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక సమాజంలో ఇంటిల్లిపాదీ నటులే. చంటిపిల్లలు సైతం రంగం మీదికి వస్తారు. ఇవాళ లోహితాస్యుడైనవాడు రేపు తెర లాగుతాడు. వేషం అక్కడ వంతు. బడిలో మాత్రం ఏడాదికి ఒక్క రాత్రి, ఒక్క నాటకం. అందుకే వేషం కాస్తా ర్యాంకై కూర్చుంటుంది.

విజయవాడ కాలేజీలో చదివే రోజుల్లో ఎన్.టి. రామారావుకు విశ్వనాథ సత్యనారాయణ నాగమ్మ వేషం ఇచ్చారు. నాటకం 'రాచమల్లుని దౌత్యం'. ఆడవేషానికి మీసం తియ్యాలి. ఆయన తియ్యనన్నారు. అలాగే ఆడి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నారు. నాటకం సంగతేమో గానీ, ఆ మీసం మీద నాకు మమకారం. ఆ కుర్రాడు వేషం వదిలి పారిపోలేదు, పూర్తిగా లొంగిపోనూ లేదు.

మా పక్కింటి పాపకు ఈ ఏడు చెట్టు వేషమే వచ్చింది. ఒక పూట అలిగి, మర్నాడు 'ఏ చెట్టు టీచర్?' అని అడిగిందట. ఏదో ఒకటిలే అన్నారు. నాటకం అయ్యేదాకా చేతులు చాపి నిలబడాలని తెలిశాక తాటిచెట్టునవుతానంది. తాటికి కొమ్మలుండవు గదా! టీచరమ్మ నవ్వి సరేనన్నారు. ఇప్పుడు వాళ్లమ్మ తాటాకుల కోసం ఊరంతా తిరుగుతోంది.