పరుని ప్రారబ్ధము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి మీద, నకిరేకల్లు దాటిన పిమ్మట, ఇంకను పూర్తిగా తెల్లవారని ఒక కార్తికమాసపు ప్రాతఃకాలమున, ముందు పోవుచున్న వాహనములన్నియు ఒక్కుమ్మడి నిలిచిపోగా, మా బస్సు నుండి దిగి చూచినవారిలో నేనును ఒకడను. లారీ తాకిడికి మోటారుసైకిలొకటి డివైడరు మీదికి ఎగిరిపడి యుండెను. దానికి కొంత దూరమున, ఇరువదియేండ్లైన నిండియుండని యువకుడొకడు, తలకు హెల్మెటు ఉన్నది ఉన్నట్లే యుండగా, తొడనుండి నెత్తురు ధారగా కారుచుండగా, వెల్లకిల పడి యుండెను. చుట్టును ముప్పది నలువదిమంది నిలిచియుండిరి. వారెవ్వరును క్రూరులు కారు. అందరి ముఖములందును జాలి కలదు, నోట ‘అయ్యో’ యను మాట కలదు. అయినను వారికిని అతనికిని నడుమ నాలుగు బారల నేల ఖాళీగా మిగిలియుండెను. దానిని దాటుటకు ఎవ్వరి కాలును ఆడలేదు. నా కాలును ఆడలేదు.

“ముట్టుకోకున్రి, పోలీసు కేసైతది” అని ఒక కంఠము పలికెను. “వాని కర్మ అట్ల రాసిపెట్టున్నది, మనమేం జేస్తం” అని, నిట్టూర్పుతో, మరియొక కంఠము పలికెను.

మొదటి మాటలోనిది భయము. అది నిరాధారమైనది కాదు. గాయపడినవానిని మోసికొని వచ్చినవానినే నేరస్థునివలె ప్రశ్నించుటయు, సాక్ష్యమునకై యేండ్లతరబడి త్రిప్పుటయు ఈ దేశమున జనులు కన్నులార చూచిన సంగతులే. స్కూటరు మీద పోవుచు కారు తాకిడికి గురియైన ఒక వ్యక్తిని, ఇట్టి కేసులు చూచు అధికారము మాకు లేదని దగ్గరి ఆసుపత్రివారు 20 కిలోమీటర్ల దూరమునకు పొమ్మనగా, అచటికి చేరకమునుపే అతడు మరణించెనను వార్త ఆధారముగా నడచిన పరమానంద కటారా వ్యాజ్యమున, ప్రాణరక్షణ ముందు, కాగితములు పిదప అని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సహాయకుల రక్షణకై కేంద్రము రచించిన మార్గదర్శకములకు 2016 మార్చి 30న అదే న్యాయస్థానము చట్టబలము కలిగించినది. 2019లో మోటారు వాహనముల చట్టమున చేరిన 134ఎ విభాగము, సద్బుద్ధితో చేయిసాచినవాడు దాని పర్యవసానమునకు శిక్షార్హుడు కాడని శాసించినది. తన పేరు చెప్పుమని సైతము అతనిని నిర్బంధింపరాదు. ఈ భయమునకు మందు దొరకినది. ఊరూర తెలియజెప్పుట మిగిలినది.

రెండవ మాట సిద్ధాంతము. నన్ను నేటివరకును విడువక వేధించుచున్నది అదియే. ఏలయన, కర్మసిద్ధాంతమును త్రోసిపుచ్చువాడను నేను కాను. మా తండ్రిగారు తమ చివరి వ్యాధిని ఆ విశ్వాసము ఊతగా, ఒక్కనాడైన ఒకరిని నిందింపక సహించుట నేను కన్నులార చూచితిని. తన దుఃఖమునకు తాను చెప్పుకొన్నంతసేపు ఆ మాట అంత బలమైన ఊత. అదే మాటను పడియున్న పరుని మీద పలికినప్పుడు, ఆ ఊతకర్రతోనే అతనిని దూరముగా నెట్టినట్లగును.

అసలు ప్రారబ్ధమును చదివినవాడెవడు? ఆ యువకుని నుదుట ఆ దినమున ఆ దెబ్బ వ్రాయబడి యుండవచ్చునని ఒప్పుకొందము. వ్రాత దెబ్బతోనే ముగిసెనని చెప్పినదెవరు? తరువాతి పంక్తిలో, ఆ జామున ఆ త్రోవను ఒక బస్సు రాగలదనియు, అందుండి దిగినవాడొకడు తన కండువాతో ఆ నెత్తురును అదిమిపట్టగలడనియు ఉన్నదేమో! సర్వమును కర్మసూత్రముననే కూర్పబడియున్నదని నమ్మువానికి, తాను అచటికి వచ్చుట మాత్రము ఆ సూత్రమునకు వెలుపలిదెట్లగును? నా రెండు చేతులును అతడు ఏనాడో చేసికొన్న పుణ్యముయొక్క ఫలమైనచో, వానిని ముడుచుకొని నిలుచుట, అతనికి రావలసిన సొమ్మును నాయొద్ద దాచుకొనుటయే. సంచిత ప్రారబ్ధముల, అనగా ఇదివరకే కూడిన కర్మముల, సంగతి ఎట్లున్నను, ఆ నాలుగు బారల నేల ముందు నిలిచిన నాకు ఆ క్షణము ఆగామి, ఇకముందు ఫలింపవలసిన కర్మ. అది ఇంకను వ్రాయబడలేదు, వ్రాయవలసినవాడను నేను.

భాగవత నవమస్కంధమునందలి రంతిదేవుడు నలువదియెనిమిది దినములు అన్నపానములు లేక, తుదకు దొరకిన ఆహారమును వచ్చిన అతిథులకెల్ల పంచి, మిగిలిన నీటిని త్రాగబోవు తరుణమున దప్పికగొన్న అంత్యజుడొకడు వచ్చి యాచింపగా, ఆ నీరును అతనికి పోసెను. అతనికి ఆ దాహము ఏ పాపఫలముగా కలిగినదని రాజు విచారింపలేదు. మోక్షమును సైతము కోరక, సర్వప్రాణుల లోపల నుండి వారి దుఃఖమును తానే అనుభవింప కోరినవానికి, అట్టి విచారణకు తావెక్కడిది?

మైల యను సంకోచము కూడ మనలో లోలోపల కలదని దాచనేల? నెత్తురు, మరణము, స్నానము చేసినగాని తీరని అశుచి. లూకా సువార్త పదవ అధ్యాయమునందలి కథలో, యెరూషలేము నుండి యెరికో పోవు త్రోవలో కొనప్రాణముతో పడియున్నవానిని చూచి ప్రక్కగా తొలగిపోయిన యాజకుడును లేవీయుడును ఇట్టి సంకోచముచేతనే తొలగియుందురని కొందరు వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆగి గాయములు కట్టినవాడు, వారు దూరముంచిన సమరయుడు. మన స్మృతికారులు మైలవిషయమున మిక్కిలి నిష్ఠగలవారయ్యును, దిక్కులేని బ్రాహ్మణుని శవమును మోయువానికి అడుగడుగునను యజ్ఞఫలము కలదనిరి. శవమును మోసినవానికే అంత పుణ్యము చెప్పిన ధర్మము, ఊపిరియున్నవానిని ముట్టుటకు మైలను అడ్డము తెచ్చునా?

ఈ ఆలోచనలన్నియు నాకు పిదప కలిగినవి. ఆనాడు ఆ నేలను దాటినది, పత్తి ఏరుటకు ఆటోలో పోవుచున్న కూలి స్త్రీలలోని ఒక ముసలమ్మ. జనమును తోసికొని వచ్చి, చతికిలబడి, చీరకొంగును మడతలుగా చుట్టి, ఆ తొడపై అదిమిపట్టి, “కండ్లు తెర్వు బిడ్డా, నేనున్న” అనెను. పిదప తలయెత్తి, ఎదుటనున్న నన్ను చూచి, “ఇట్ల గట్టిగ వట్టు సారూ” అనెను. నా మోకాళ్లు అప్పుడు వంగినవి. నా అరచేతుల క్రింద ఆ నెత్తురు ఇంకను వెచ్చగా నుండెను.

అంతలో ఒకరు సీసాతో నీరు తెచ్చి అతని నోట పోయబోగా, మా బస్సు కండక్టరు చేయిపట్టి ఆపి, “సోయి లేనోనికి నీళ్లు తాపకున్రి, హెల్మెటు గుంజకున్రి” అని చెప్పి, 108కి ఫోను చేసెను. పోవుచున్న ప్రాణికి తులసితీర్థము పోయుట తరతరముల మన ఆచారము. ఆ చేయి ఆ సంస్కారముచేతనే ముందుకు వచ్చియుండును. కాని స్పృహలేనివాని గొంతున పోసిన నీరు శ్వాసనాళముగుండ ఊపిరితిత్తులకు దిగవచ్చును. మెడయెముక విరిగియున్నచో హెల్మెటును లాగిన లాగుడే ప్రాణాంతకము కావచ్చును. రంతిదేవుడు ఇచ్చినది నీరు. ఇచట ఇవ్వవలసినది నీరు ఇవ్వకుండుట. దయ పుట్టుకతో వచ్చునేమో గాని, దాని చేతులకు చదువు కావలెను. ఆ చదువును మన గుడులలోను, బడులలోను, హరికథలలోను సైతము చెప్పవలెనని నేను మనసార కోరుచున్నాను.

2005 ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొదలైన ఆ 108 సేవ వాహనము కొంతసేపటికి వచ్చి అతనిని కొనిపోయినది. అతడు బ్రతికెనో లేదో నాకు తెలియదు. అతని పేరును తెలియదు. ముసలమ్మ ఆ పేరు అడుగనే లేదు. అతని నోట పోయక మిగిలిన సీసానీటితో ఎవరో ఆమె చేతులు కడిగించిరి. నెత్తుటి కొంగును పిండి నడుమున దోపుకొని, “పొద్దెక్కింది, ఆసామి కోపం జేస్తడు” అనుచు ఆమె ఆటో ఎక్కెను.