మత్తు, ఏమరుపాటు

ముసలి కుక్కకు మత్తు ఇచ్చి కోత పెట్టడం హింస కిందికి వస్తుందా? దానికి తన జబ్బేమిటో తెలియదు, కోత ఎందుకో తెలియదు, సరే అనడానికి నోరు లేదు. ప్రాణం పోవచ్చని తెలిసీ దాన్ని స్పృహ తప్పించేది మనిషి.

కుక్క మాట వస్తే తెలుగువాళ్లు ధర్మరాజు వెంట మహాప్రస్థానంలో నడిచిన కుక్క దగ్గరికే పోతారు. ఈ ప్రశ్నకు అంతకంటే పనికొచ్చే కథ కరీంనగర్ గడ్డ మీదే ఉంది. వేములవాడ చాళుక్యుల కాలంలో, క్రీ.శ. 959లో, జైనాచార్యుడు సోమదేవసూరి 'యశస్తిలక చంపువు'ను గంగాధరలో ముగించాడు. అది నేటి కరీంనగర్ జిల్లా గంగాధరేనని తెలంగాణ చరిత్రకారులు చెబుతారు. కావ్యంలో యశోధర మహారాజుకు పీడకల వస్తుంది. జంతుబలి ఇమ్మంటుంది తల్లి చంద్రమతి, కొడుకు ఒప్పుకోడు. చివరికి పిండితో చేసిన కోడిని కోయడానికి రాజీ పడతారు. పిండికోడికి ప్రాణం లేదు, కానీ కోసేటప్పుడు చంపుతున్నామన్న తలపు ఉంది. ఆ తలపుకే మరుజన్మలో రాజు నెమలిగా, తల్లి కుక్కగా పుడతారు.

ఆపరేషన్ బల్ల దీనికి తలకిందులు. అక్కడ కత్తీ నెత్తురూ నిజమైనవే, చంపే తలపే లేదు. అంతమాత్రాన వైద్యుడికి దోషం అంటదని తేల్చేయడానికి జైనం ఒప్పుకోదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచిస్తూ ప్రాణం తీయడానికి 'ప్రమత్త' (ఏమరిన) అన్న షరతు జోడించింది. చూసి అడుగేసే ముని కాలికింద పురుగు పడితే అతను హింసకుడు కాడు. చూడకుండా నడిచేవాడు పురుగు చావకపోయినా హింసకుడే. సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు. తెలుగులో ఆ మాట ఏమరుపాటు వల్ల జరిగే కీడుకు పేరైంది. 'మత్తు' పుట్టింది కూడా ఆ మూలం నుంచే. బల్ల మీది కుక్క మత్తులో ఉండవచ్చు గాని పక్కన నిలబడ్డ మనిషికి ఆ వీలు లేదు.

ముసలి కుక్క దగ్గర ఏమరకుండా ఉండటం అంటే ముఖ్యంగా దాని గుండెను కనిపెట్టుకుని ఉండటం. చిన్న జాతి కుక్కల్లో వయసు పైబడేకొద్దీ మైట్రల్ వాల్వ్ దళసరెక్కి నెత్తురు వెనక్కి కారుతుంది. డాబర్‌మన్ లాంటి వాటిలో గుండె కండరమే బలహీనపడుతుంది. ఇంట్లో తిరిగేటప్పుడు బయటపడని లోపం మత్తులో బయటపడుతుంది. చౌకగా దొరికే మత్తుమందు జైలజిన్ గుండె వేగాన్ని బాగా తగ్గిస్తుంది, లయ తప్పిస్తుంది. మత్తు వాయువు ఐసోఫ్లురేన్ రక్తనాళాలను సడలించి బీపీ పడగొడుతుంది. సగటు బీపీ 60 కంటే దిగితే మూత్రపిండాలకు నెత్తురు చాలదు. అందుకే ముందుగా గుండె చప్పుడు విని, రక్తపరీక్ష చేసి మందు ఎంచుకోవాలి. మత్తు ఎక్కాక ఈసీజీ, బీపీ, ఆక్సిజన్ శాతం, ఊపిరి ఐదేసి నిమిషాలకు రాసుకుంటూ పోవాలి. ఈసీజీ ఒక్కదాన్నే నమ్మకూడదు. గుండె నెత్తురు తోడటం ఆగిపోయాక కూడా తెర మీద గీత కాసేపు ఆడుతూనే ఉండవచ్చు. ఆ తేడా తొడ లోపలి నాడి మీద వేలు పెట్టినవాడికి తెలుస్తుంది.

మానిటర్ లేని చోట ఏం చేయాలి? పెద్ద వైద్యశాల దూరమే కావచ్చు, ఉట్నూరు వైపు నుంచి కోరుట్ల పశువైద్య కళాశాలకు రావాలంటే గోదావరి దాటాలి. పళ్ల గార తీయించడం లాంటి పనైతే ఆగవచ్చు, ఆగాలి కూడా. ముసలి ఆడకుక్క గర్భసంచిలో చీము పడితే ఆగే వ్యవధి ఉండదు. అప్పుడు స్టెతస్కోపు, గడియారం, చిగుళ్ల రంగు, నాడి మీద వేలు, వీటితోనే గట్టెక్కాలి. కోసేవాడు వేరు, కాపు కాసేవాడు వేరుగా ఉండటానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, ఇంకో మనిషి ఉంటే చాలు.

దోషం వైద్యుడి దగ్గరే ఆగదు. చేసినవాడిని, చేయించినవాడిని, సమ్మతించినవాడిని జైనం ఒకే వరుసలో నిలబెడుతుంది. ముసలి కుక్కకు ఇన్ని పరీక్షలెందుకు, పైసలు దండుగ అనే యజమాని కూడా ఆ వరుసలోవాడే. జైనుల లెక్కలో కుక్క ఐదు ఇంద్రియాలూ మనసూ ఉన్న జీవి. ముసలిదైనంత మాత్రాన ఆ లెక్క మారదు.

బ్రిటన్‌లో 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం మత్తు కారణంగా చనిపోయినవి ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో సుమారు 2,000కు ఒకటి, జబ్బున్నవాటిలో 75కు ఒకటి. పోయినవాటిలో దాదాపు సగం ఆపరేషన్ అయ్యాకే, అందులోనూ ఎక్కువ భాగం మొదటి 3 గంటల్లోనే పోయాయి. కుట్లు పడ్డాయి, గ్లౌజులు విప్పారు, యజమానికి ఫోన్ చేశారు. అందరి ధ్యాసా సడలేది అప్పుడే. కుక్క గుటక వేశాకే గొంతులోని గొట్టం తీయాలి. ఒళ్లు వెచ్చబడి, అది తల ఎత్తి, తనంతట తాను లేచి కూర్చునే దాకా నాడి మీద వేలు తీయకూడదు.