గృహోద్యానము – భగవత్కైంకర్యము

శ్రీమహావిష్ణువు అలంకారప్రియుడని లోకోక్తి. ఆ అలంకారములలో స్వర్ణాభరణములు కలవారు మాత్రమే సమర్పింపగలరు. పుష్పము నెల్లరును సమర్పింపగలరు. అందుచేతనే గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున పత్రమును, పుష్పమును, ఫలమును, జలమును చెప్పి, భక్తితో నిచ్చిన చాలునని అభయ మొసగెను. తిరుమలను పుష్పమండపమని, శ్రీరంగమును భోగమండపమని, కాంచీపురమును త్యాగమండపమని సంప్రదాయజ్ఞులు వ్యవహరింతురు. తిరుమలపై పూచిన ప్రతి పుష్పమును స్వామిదే యన్న భావముచేత భక్తులు అచ్చట పూలు ధరింపరు. కార్తికమాసమున శ్రవణానక్షత్రమునాడు జరుగు పుష్పయాగము 1980లో పునరుద్ధరింపబడి నేటికిని వైభవముగా సాగుచున్నది.

ఇట్టి సంప్రదాయమున పుట్టిన గృహస్థుడు తన యింటి ముందర అలంకారమునకై ఒక వృక్షమును నాటదలచినపుడు, ఈ యలంకారము ఎవరికి అను ప్రశ్న సహజముగా ఉదయింపవలెను. వీథిన పోవువారు చూచి మెచ్చుకొనుటకా? గృహమునకా? లేక గృహమున వెలసియున్న అర్చామూర్తికా?

బాన్సువాడకు చేరువనున్న రుద్రూరు గ్రామమును తలచుకొందము. మంజీరానదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువనీటితో పచ్చనైన సీమ యిది. వరి, చెరకు ఇచ్చట పండించు పైరులు. ఆ రెండు పైరుల పరిశోధనకు ఈ గ్రామమున ఒక కేంద్రమును కలదు. ఇట్టి యూర నూతనముగా ఇల్లు కట్టుకొన్న గృహస్థు నొకని ఊహింతము. వాకిట పది గజముల చోటు మిగిలినది. కుమారుడు త్వరగా పెరిగి గోడవలె నిలుచు మొక్కను తెత్తుననును. ఇల్లాలు పూజకు పూలు దొరకు చెట్టు కావలెననును. గృహస్థుని మనస్సు మాత్రము తన తండ్రి వాకిట చిన్ననాడు చూచిన పొగడ మీదనే యున్నది. అప్పుడు కుమారుడు, "బాపూ, పొగడ నిదానముగ పెరుగు చెట్టు గదా! అది నిండుగ పూచేసరికి నీకు ఎన్నేండ్లు వచ్చును?" అని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము తోటమాలి వద్ద లేదు. మన పూర్వాచార్యుల చరిత్రలలో నున్నది.

భగవద్రామానుజులు శ్రీరంగమున నమ్మాళ్వారుల తిరువాయ్‌మొళికి అర్థము చెప్పుచు, తిరుమలకు పోయి స్వామికి పుష్పకైంకర్యము చేయగలవా రెవ్వరని శిష్యుల నడిగిరట. ఆ కాలమున తిరుమల చలికిని, అడవికిని ప్రసిద్ధి. అందరును మౌనము వహింపగా అనంతాళ్వాను ఒక్కరే లేచి తాను పోదునని విన్నవించిరి. కొండకు చేరి, తోట వేసి, ఆ తోట నీటికై పత్నీసమేతుడై చెరువు త్రవ్వ నారంభించిరి. ఇల్లాలు నిండుచూలాలు. ఆయన త్రవ్వుచుండగా ఆమె మట్టిగంప మోయుచుండెను. అప్పుడొక బాలుడు వచ్చి తానును మోయుదు ననెను. కైంకర్యమున మరియొకరికి పాలు పంచుట ఇష్టములేక అనంతాళ్వాను వానిని వారించిరి. బాలుడు ఆయన కంటబడకుండ ఆ తల్లికి సాయము చేయుచునే యుండెను. అది తెలిసి ఆయన కోపముతో విసరిన గడ్డపార బాలుని గడ్డమునకు తగిలినది. బాలుడు గుడివైపు పరుగెత్తి అదృశ్యుడయ్యెను. లోనికి పోయి చూడగా గర్భాలయమున స్వామి చుబుకమునుండి రక్తము స్రవించుచున్నది! పశ్చాత్తాపముతో ఆయన ఆ గాయమున కర్పూరమద్దిరని, నేటికిని శ్రీవారి చుబుకమున కనుపించు పచ్చకర్పూరము దానికే గుర్తని పెద్దలు చెప్పుదురు.

ఈ కథను మనము స్వామి సౌలభ్యమునకు నిదర్శనముగా విని ఆనందింతుము. కాని గృహస్థునకు ఇందు మరియొక హెచ్చరికయు కలదు. అనంతాళ్వాను భోగమునకై తోట వేయలేదు, స్వామికే వేసిరి. అట్టి మహనీయునకు సైతము "ఈ కైంకర్యము నాది" అను స్వల్పమైన మమకారము గడ్డపారగా మారినది. ఇక మనబోంట్ల మాట చెప్పనేల? తెల్లవారుజామున ప్రక్కయింటి పిల్లవాడు గోడమీదుగా వంగిన కొమ్మనుండి పూజకు నాలుగు పూలు కోసికొనును. ఇంటి యజమాని గడ్డపార విసరకపోయినను మాట విసరును. ఆ పూలు చేరునది ఏ మందిరమైనను ఆ మందిరమున నున్నవాడు ఒక్కడే గదా! మాట తగిలిన బాలుడెవ్వరో ఒక్కక్షణ మాలోచించిన, ఆ నోరు మరల లేవదు.

కావున వృక్షమును ఎన్నుకొనుటకు ముందు మనస్సును ఎన్నుకొనవలెను. ఆ పిదప వృక్షముల గుణములను విచారింపవచ్చును.

వాకిటికి పొగడ మిక్కిలి శ్రేష్ఠము. ఏడాది పొడవునను ఆకు నిలుచును. గొడుగువలె గుబురుగా పెరిగి చల్లని నీడ నిచ్చును. పువ్వు చిన్నది, ఎండినను పరిమళము వీడదు. నమ్మాళ్వారులకు వకుళాభరణులను తిరునామము ఈ పువ్వుచేతనే గదా! తిరుమలలో అనంతాళ్వాను తోటలోని పొగడచెట్టును నేటికిని భక్తులు ఆ మహనీయుని రూపముగా భావించి గౌరవింతురు.

చోటు తక్కువైన యింటికి పారిజాతము తగినది. రాత్రి పూచి వేకువకు రాలును. నేలరాలిన పువ్వు పూజకు పనికిరాదను నియమమునకు పారిజాతమును మినహాయింపుగా పెద్దలు అంగీకరించిరి. చెట్టు క్రింద ఆవుపేడతో అలికి, లేక శుభ్రమైన వస్త్రము పరచి ఉంచినచో ప్రాతఃపూజకు పూలు సిద్ధము.

సంపెంగ పరిమళమునకు సాటిలేదు. గింజనుండి పెరిగిన మొక్క పూయుటకు ఏండ్లు పట్టును. అంటుమొక్క త్వరగా పూచును. కాని దాని మొదట నీరు నిలువరాదు. రుద్రూరు పరిసరములలోని నల్లరేగడి వానకాలమున నీరు పట్టి ఉంచి, వేసవిని బీటలు వారును. అట్టి నేలలో వేసవియందే గుంత త్రవ్వి ఎండనిచ్చి, పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి, మొదలును కొంచెము మెరక చేసి, వానలు పడిన పిదప మొక్కను నాటుట మేలు.

కడిమి శ్రీకృష్ణునికి ప్రియమైనది. వానకాలమున బంతులవంటి పూలతో శోభించును. కాని అది శీఘ్రముగా మహావృక్షమగును. విశాలమైన పెరడు, పొలముగట్టు దానికి తగిన తావులు. రావియు మర్రియు పూజ్యములైనను వాని వేళ్లు గోడలను చీల్చును. వృక్షములలో తాను అశ్వత్థమునని భగవానుడు పలికెను గదా యని ఇరుకు వాకిట రావిని నాటి, పదియేండ్లకు దానిని నరికించుట భక్తి కాదు. దానిని చెరువుగట్టునను, దేవాలయ ప్రాంగణమునను నాటుట పుణ్యము.

పేరును చూచి మోసపోరాదు. ప్రహరీల వెంట నిటారుగా పెరుగు నరమామిడిని పలువురు అశోకమని పిలుతురు. సీతామాత కూర్చున్న వనమునకు పేరు తెచ్చిన అశోకము వేరు. అది గుబురు చెట్టు, కొమ్మలను అంటి నారింజ ఎరుపు పూలగుత్తులు పూయును. వేసవిని ఎర్రగా మండు తురాయి మడగాస్కరు దీవినుండి వచ్చినది. చూడ సొంపైనను కొమ్మలు పెళుసు, గాలివానకు విరిగి పైకప్పుపై పడును. పచ్చగన్నేరు పూజకు వాడుదురు గాని దాని పాలు, గింజలు విషము. పసిపిల్లలు, పశువులు తిరుగు చోట దానికి దూరముగా నుండుట మంచిది. గోడవలె త్వరగా పెరుగునని ఇటీవల విరివిగా నాటిన కోనోకార్పస్ మొక్కను నాటరాదని గుజరాత్ ప్రభుత్వము 2023లో నిషేధము విధించినది. త్వరగా వచ్చునదెల్లను మేలు కాదు.

ఇంక కుమారుని ప్రశ్నకు వత్తము. భాగవత దశమస్కంధమున, గోపికా వస్త్రాపహరణ ఘట్టమునకు పిమ్మట, బాలకృష్ణుడు గోపబాలురతో ఎండలో నడచుచు, తమపై గొడుగులవలె నిలిచిన వృక్షములను చూపి వాని జన్మను కొనియాడెను. గాలిని, వానను, ఎండను, మంచును తాము సహించి ఇతరులను కాపాడుననియు, ఆకు, పువ్వు, పండు, నీడ, వేరు, బెరడు, కట్టె, తుదకు బూడిదతో సైతము పరులకు ఉపకరించుననియు, యాచించి వచ్చినవానిని వట్టిచేతులతో పంపవనియు ఆ ప్రసంగ సారాంశము. సర్వేశ్వరుడు బాలుడై వచ్చి స్నేహితులకు ఆదర్శముగా చూపినది రాజును గాదు, మునిని గాదు, దారిప్రక్క చెట్టును.

చెట్టు తన నీడలో తాను కూర్చుండదు. తన పువ్వును తాను ముడువదు. అట్టి దానిని నాటువాడు మాత్రము "ఈ పువ్వు నేను చూతునా?" యని లెక్క పెట్టుట ఉచితమా? అనంతాళ్వాను నాటిన తోట పూలను వారి తరువాత ఎన్ని తరములవారు స్వామికి సమర్పించిరి! విల్లిపుత్తూరున విష్ణుచిత్తులు తులసివనమును పెంచిరి. ఆ తులసి మొదట లభించినది మొక్క గాదు, సాక్షాత్తు గోదాదేవి. నాటినది పూలకు, దొరకినది లోకమాత. తోట ఫలము ఏదో నాటినవానికి ముందుగా తెలియదు.

కావున రుద్రూరు గృహస్థుడు కుమారునితో ఇట్లు చెప్పును: "నాయనా, పూచేసరికి నాకెన్నేండ్లో నాకు తెలియదు. స్వామికి మాత్రము వయస్సు లేదు గదా. నేను నీరు పోయుదును, నీవు నీడ పొందుము, నీ పిల్లలు దండ కట్టుదురు." అంతట కుమారుడే పలుగు తీసికొని గుంత త్రవ్వుటకు దిగును. తండ్రి ఇచ్చట వారింపడు. కైంకర్యము పంచుకొన్నకొలది పెరుగునని అనంతాళ్వాను చరిత్ర వానికి నేర్పినది.

ప్రతి వైష్ణవ గృహమునను ఒక తులసికోటయు, వీలైనచో ఒక పూలచెట్టును ఉండుగాక. ఆ చెట్టు తొలిపువ్వు స్వామికి, మలిపువ్వు పొరుగువారికి, నీడ బాటసారికి, కొమ్మ పక్షికి చెందుగాక. గోడమీదుగా చేయి చాచు బాలుని చూచినపుడు యజమాని నోట కసరుమాట రాక, "ఇంకొక రెండు కోసికో నాయనా" అను మాటయే వచ్చుగాక. ఆనాడు ఆ వాకిలియు ఒక చిన్న పుష్పమండప మగును.