సందేహించే ఊళ్లో శ్రీచక్రం

గుంటూరు నుంచి గిద్దలూరు వెళ్లే దారిలో, నల్లమల అంచున త్రిపురాంతకం ఉంది. శ్రీశైలానికి ఇది తూర్పు ద్వారం. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువు మధ్యలో బాలా త్రిపురసుందరీదేవి. స్వామి గుడిని శ్రీచక్రాకారంలో ఉన్న పీఠం మీద కట్టారని సంప్రదాయం. ఇక్కణ్నుంచి శ్రీశైలం దాకా కొండల కింద బిలం ఉందనీ, సిద్ధులు అందులోంచే మల్లన్న దగ్గరికి వెళ్లొచ్చేవారనీ మా వైపు పెద్దలు చెబుతారు. మార్కాపురం, కంభం, యర్రగొండపాలెం ఇళ్లలో ఈ కథ చెవిన పడకుండా పెరిగిన పిల్లలు తక్కువ.

అదే నల్లమలను మన కాలంలో ఇంజినీర్లు నిజంగానే తొలిచారు. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు దగ్గర మొదలై, ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. అదే వెలిగొండ ప్రాజెక్టు. దానికి పెట్టుకున్న పేరు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్యది. అమ్మవారికి మొక్కుకునే చేతులే ఎర్రజెండా కూడా పట్టుకున్న నేల ఇది. శుక్రవారం లలితా సహస్రనామం చదివే ఇల్లాలూ, సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక సభకు వెళ్లే మాస్టారూ ఒకే ఇంట్లో ఒకే కంచుగిన్నెలోంచి పప్పు వడ్డించుకున్న ఊళ్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. కాబట్టి సందేహం పడమటి దేశాల సొత్తు అనుకోనక్కర్లేదు.

మన ప్రాంతం నుంచి అమెరికాకో ఇంగ్లండుకో వెళ్లి స్థిరపడిన పిల్లల కోసమే ఈ మాటలు. అక్కడ అద్దె ఇంట్లో బట్టల క్లోజెట్టే పూజగది అవుతుంది. కర్పూరం వెలిగిస్తే పొగ అలారం మోగుతుంది. అందుకని హారతి మానేసి బ్యాటరీ దీపం పెడతారు. ఆ అవస్థ చిన్నదే. అసలు ఇబ్బంది ఆఫీసులో ఎవరో మర్యాదగానే అడిగే ప్రశ్నతో వస్తుంది: "నువ్వు చేసే జపం, ఆ చక్రాలు, కుండలిని... ఇవన్నీ పనిచేస్తాయనడానికి రుజువేమిటి?" ఆ ప్రశ్నకు జంకి కొందరు తమ ఉపాసనను తప్పు పనిలా దాచుకుంటారు. మరికొందరు క్వాంటమ్ అనీ ఫ్రీక్వెన్సీ అనీ అర్థం తెలియని మాటలు అరువు తెచ్చుకుని ఎదుటివాణ్ని గెలవాలని చూస్తారు. శ్రీవిద్యలో, అంటే శ్రీచక్రంలో అమ్మవారిని కొలిచే ఈ ఉపాసనలో, గోప్యం ఉంది, నిజమే. గురువు ఇచ్చిన మంత్రాన్ని నలుగురిలో చెప్పుకోరు. కానీ ఆ గోప్యం ఆదరంతో పాటించేది. దానిలో సిగ్గుకు చోటు లేదు.

నిష్ఠల ప్రహ్లాదశాస్త్రి గారి జీవితం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1934లో పుట్టి, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో శాస్త్రవేత్తగా పనిచేసిన మనిషి. ప్రతిదానికీ కొలత అడిగే చోటు అది. అక్కణ్నుంచి వచ్చి అమృతానందనాథ సరస్వతిగా అనకాపల్లి దగ్గర దేవీపురంలో శ్రీమేరువునే ఆలయంగా నిలబెట్టారు. మనుషులు లోపల నడిచి వెళ్లగలిగే శ్రీచక్రం అది. 2015లో ఆయన కన్నుమూశారు. ఆయన శిష్యుల్లో ఒకరు శ్రీలంక తమిళుడు. అందరూ అయ్య అని పిలిచే ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో, రోచెస్టర్ పక్కన రష్ అనే పల్లెలో రాజరాజేశ్వరి గుడి కట్టారు. కొరిన్ డెంప్సీ అనే మతాధ్యయన పరిశోధకురాలు ఆ గుడి మీద రాసిన పుస్తకం 2006లో వచ్చింది. అక్కడ ఆడవాళ్లు హోమగుండం ముందు కూర్చుని స్వయంగా కర్మ నడిపిస్తారు. కులం అడగరు. పరాయి నేల మీద సాగిన ఉపాసన మన ఊళ్లలో ఇంకా తెరుచుకోని తలుపు ఒకటి తెరిచింది. నాకు ఈ సంగతి ఎంతో ముఖ్యంగా తోస్తుంది.

ఇంతకీ ఉపాసకుడు రోజూ చేసేది ఏమిటి? న్యాసం చూడండి. ముందు బొటనవేలి మీద చూపుడువేలు తాకుతుంది. తర్వాత బొటనవేలు వరసగా చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు తాకుతూ పోతుంది. అరచేతులు ఒకదాన్నొకటి తడుముకుంటాయి. ఆపైన గుండె, తల, శిఖ, భుజాలు, కళ్లు. చివర తల చుట్టూ చిటిక. ప్రతి స్పర్శకూ ఒక బీజాక్షరం. ఈ శరీరం ఇప్పుడు అమ్మ కూర్చునే చోటు అని తనకు తాను చెప్పుకోవడం అది. ఆ చేతులతోనే కాసేపటికి ల్యాప్‌టాప్ తెరవాలి, పిల్లాడికి అన్నం పెట్టాలి, ఎవరితోనో జగడం పడాలి. ఆ చేతులు రోజంతా ఎలా మెలిగాయన్నదే ఉపాసనకు పరీక్ష. రుజువు అడిగిన స్నేహితుడితో ఆ మాటే చెప్పవచ్చు: లోకాన్ని మార్చే శక్తి నాకు ఉందని చెప్పడం లేదు, నన్ను దిద్దుకుంటున్నాను, కొన్నాళ్లు నాతో మసిలి చూడు అని.

ఇంతకు మించి చెప్పేవాళ్లతోనే నాకు పేచీ. మార్కాపురం, కనిగిరి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఏళ్ల తరబడి అది దాటిన నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, ఎముకలు వంగుతాయి. దానికి మంచి నీళ్లు కావాలి, వైద్యుడు కావాలి. మూలాధార చక్రంలో అడ్డంకి ఉంది, మూడు సిట్టింగుల్లో తీసేస్తానని నడుం వంగిన ముసలమ్మ దగ్గర డబ్బు గుంజేవాడు అమ్మవారికి అపచారం చేస్తున్నాడు. క్రిస్టల్ రాళ్లు పెట్టి క్యాన్సర్ తగ్గిస్తానని విదేశాల్లో వారాంతపు క్లాసులు నడిపేవాడిదీ అదే పాపం. అలాంటివాళ్లను నిలదీసే హేతువాది ఉపాసకుడికి శత్రువు కాడు. గుడి వాకిట్లో దొంగను పట్టుకున్నవాణ్ని మనం తిట్టం కదా!

దసరా సెలవులకు పిల్లలతో వచ్చేవాళ్లకు ఒక మాట. త్రిపురాంతకం తీసుకెళ్లండి. ఆ బిలం నిజంగా ఉందా అని పిల్ల అడిగితే కసురుకోకండి. పెద్దలు చెప్పిన కథ అని చెప్పండి, వెలిగొండ సొరంగం సంగతీ చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు మార్కాపురంలో ఒక పలక కొని, స్కేలు చేతికిచ్చి శ్రీచక్రం గీయమనండి. పైకి చూసే త్రికోణాలు నాలుగు, కిందికి చూసేవి అయిదు. సరిగ్గా అల్లుకుంటే లోపల 43 చిన్న త్రికోణాలు తేలాలి. మూడు గీతలు ఒకే బిందువు దగ్గర కలిసే చోట్లను మర్మస్థానాలంటారు. ఒక గీత వెంట్రుకవాసి జరిగినా అక్కడ సందు కనిపిస్తుంది. మొదటిసారి ఎవరికీ కుదరదు. చెరిపి మళ్లీ గీయనివ్వండి. అమ్మవారిని నమ్ముతావా లేదా అని మాత్రం ఆ పిల్లను అప్పుడే అడగొద్దు.